వంట మేస్త్రి మా పెదనాన్న



ఈసారి పోస్టు ఎరువుల గురించో తెగుళ్ళ గురించో కాదు. పోయిన నెల మా పెదనాన్న కాలం చేశాడు. ఎనభై తొమ్మిదేళ్ళు. ఆయన వంట మేస్త్రి. పద్నాలుగో ఏట గరిట పట్టుకుని ఊళ్ళు దాటాడు, రాష్ట్రం దాటాడు, సముద్రం కూడా దాటాడు. మళ్ళీ మా కోనసీమకే వచ్చి, చేతనైనంత కాలం వండుతూనే ఉన్నాడు.

రైతుల పేజీలో వంటవాడి సంగతి ఏంటంటారా? మనం విత్తనం దగ్గర మొదలుపెట్టి బస్తా కాటా వేసేదాకా చూస్తాం. ఆ తర్వాత మన గింజ ఏమైందో మనకి తెలీదు. ఆయన ఆ తర్వాతి సగం చూసినవాడు. అందుకే ఆయన మాటలు మనకి పనికొస్తాయని రాస్తున్నా. కొంచెం పొడుగు పోస్టు, తీరిగ్గా చదవండి.

ఆయన పుట్టింది 1936లో. మా తాతకి సొంత భూమి లేదు, ఎకరంపావు కౌలు. పిల్లలు అయిదుగురు. పెద్దవాడు కాబట్టి ముందు ఈయన్నే పనికి పెట్టారు, పెళ్ళిళ్ళకి వండే ఒక మేస్త్రి దగ్గర. జీతం ఏమీ లేదు. రెండు పూటలా భోజనం, ఏడాదికో పంచె. మొదటి రెండేళ్ళు గరిట ముట్టుకోనివ్వలేదట. కట్టెలు కొట్టడం, కొబ్బరి కమ్మలు మోయడం, గాడిపొయ్యి తవ్వడం, ఇదే పని. ఈ కాలం పిల్లలకి గాడిపొయ్యి తెలీదు. నేలలో పొడుగ్గా కాలవలా తవ్వి, దాని మీద వరసగా గుండిగలు ఎక్కిస్తారు. గాలి ఎటు వీస్తుందో చూసుకుని తవ్వాలి. అడ్డంగా తవ్వితే ఒక గుండిగ మాడుతుంది, పక్క గుండిగ ఉడకదు. "మీకు గట్టు ఎంతో మాకు గాడి అంత. అది సరిగ్గా లేకపోతే తర్వాత ఎంత చేసినా దండగే" అనేవాడు.

లెక్క కూడా అక్కడే నేర్చుకున్నాడు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం. బడికి వెళ్ళింది రెండో తరగతి దాకానే. కానీ ఎన్ని వందల మందికైనా ఎన్ని కుంచాల బియ్యం, ఎంత కందిపప్పు, ఎంత చింతపండు అని నిలబడిన చోటే చెప్పేసేవాడు. పోయేదాకా ఆ లెక్క తప్పలేదు.

1955లో ఖరగ్‌పూర్ వెళ్ళాడు. అది రైల్వే ఊరు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి అప్పటికే ఎన్నో తెలుగు కుటుంబాలు అక్కడికి చేరాయి. స్టేషన్ దగ్గర తెలుగువాళ్ళ మెస్సులో వంటకి కుదిరాడు. తెల్లారుజామున డ్యూటీ దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు. పొయ్యి ఆరేది కాదట. అక్కడ బెంగాలీలకి ఉప్పుడు బియ్యం అలవాటు, మనవాళ్ళకి పచ్చి బియ్యం కావాలి. ఒకే మెస్సులో రెండు ఎసర్లు. బియ్యం బియ్యానికీ నీళ్ళు వేరు, మంట వేరు అని మొదటిసారి తెలిసింది అక్కడేనట.

మూడేళ్ళకి నాగార్జునసాగర్ వెళ్ళాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యామ్ అది. ప్రధాన డ్యామ్ రాతి కట్టడం. యంత్రాల కంటే మనుషులతోనే ఎక్కువ కట్టారు. రాళ్ళు భుజాల మీద మోసుకుని మెట్ల వంతెనల మీద ఎక్కేవాళ్ళు. పాలమూరు నుంచి, పల్నాడు నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో కూలీలు. పెదనాన్న ఒక కాంట్రాక్టరు క్యాంపులో వంట. డెల్టాలో పుట్టిన మనిషికి అన్నం తప్ప వేరే తిండి తెలీదు. అక్కడ పాలమూరు ఆడవాళ్ళు ఆయనకి జొన్నరొట్టె చేత్తో తట్టడం, గటక కాచడం నేర్పారు. రాయి మోసేవాడికి అన్నం పెడితే రెండు గంటలకి ఆకలేస్తుంది, జొన్న తింటే పొద్దుగూకేదాకా ఆగుతుంది అనేవాడు. ఇప్పుడు షుగరు వచ్చి మనమంతా జొన్నలు వెతుక్కుంటున్నాం కానీ ఆ మాట నేను చిన్నప్పటి నుంచీ వింటున్నా.

1967 ఆగస్టు 4న సాగర్ కాలవలకి నీళ్ళు వదిలారు. పెదనాన్న అప్పటికే అక్కడి నుంచి వచ్చేశాడు. అయినా నల్గొండ, గుంటూరు వైపు వరిచేలు కనిపిస్తే చాలు, బస్సులో పక్కనున్నవాడికి చెప్పేవాడు, "ఈ నీళ్ళు కట్టినవాళ్ళకి నేను రొట్టెలు కాల్చాను" అని. వినేవాళ్ళు నవ్వేవారు. ఆయన నవ్వేవాడు కాదు.

ఈ మధ్యలోనే పెళ్ళైంది. మా పెద్దమ్మది పక్క ఊరే. ముగ్గురు పిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు, ఒక కొడుకు. సాగర్ నుంచి హైదరాబాద్ మారాడు. పన్నెండేళ్ళు హాస్టళ్ళలో, హోటళ్ళలో వండాడు. పాతబస్తీలో పెళ్ళి విందులు వండే ఒక ముసలాయన దగ్గర దమ్ బిర్యానీ నేర్చుకున్నాడు. పచ్చి మాంసానికి మసాలా పట్టించి, సగం ఉడికిన బియ్యం పైన పరిచి, మూత చుట్టూ పిండి మెత్తి, కింద నిప్పులు, పైన నిప్పులు. మూత పెట్టాక ఇంక తీసి చూడ్డానికి లేదు. వాసన బట్టీ, గిన్నె చప్పుడు బట్టీ తెలుసుకోవాలి. ఆ ముసలాయన దగ్గర నేర్చుకున్నది బిర్యానీ కాదు, ఓపిక అని పెదనాన్న చాలాసార్లు అన్నాడు.

ఎన్ని ఊళ్ళు తిరిగినా సంపాదన మాత్రం ఇల్లు గడవడానికే సరిపోయేది. ఇద్దరు ఆడపిల్లలు ఎదుగుతున్నారు. 1978లో కువైట్ వెళ్ళాడు. మన కోనసీమ నుంచి, కడప నుంచి అప్పుడే వెళ్ళడం మొదలైంది. ఏజెంటుకి కట్టడానికి పెద్దమ్మ మెళ్ళో నాను అమ్మారు. అప్పటికి ఆయనకి నలభై రెండేళ్ళు. కొత్త దేశం, కొత్త భాష.

ఒక పెద్ద కువైటీ ఇంట్లో వంటవాడు. వాళ్ళు వంటవాణ్ణి తబ్బాఖ్ అంటారు. వాళ్ళది ఉమ్మడి కుటుంబం, పెద్ద పళ్ళెంలో అన్నం పోసి అందరూ చుట్టూ కూర్చుని తింటారు. మచ్బూస్ అని వాళ్ళ ముఖ్యమైన వంట. మాంసం ఉడికించిన నీళ్ళలోనే బియ్యం వేసి వండుతారు. అందులో లూమీ అని నల్లటి ఎండు నిమ్మకాయ పడుతుంది. రంజాన్ నెలలో గోధుమలు, మాంసం కలిపి గంటల తరబడి ఉడికించి మెదిపే హరీస్. మన హైదరాబాద్ హలీంకి అది అన్నలాంటిది. హైదరాబాద్‌లో నేర్చుకున్న దమ్ము అక్కడ పనికొచ్చింది. అక్కడి బియ్యం బస్తాల మీద ఇండియా పేరు చూసినప్పుడు మాత్రం చెయ్యి ఒక్క క్షణం ఆగేదట. ఎవరో పంజాబ్ రైతు పండించిన బాస్మతి. "వాడూ నేనూ ఇద్దరం ఇక్కడికే వచ్చాం రా" అనుకునేవాడట.

అప్పుడు ఫోన్లు లేవు. ఉత్తరం రాయడం ఆయనకి సరిగ్గా రాదు. అందుకని క్యాసెట్లో మాట్లాడి పంపేవాడు. గల్ఫ్ ఇళ్ళల్లో అందరికీ ఇది గుర్తుండే ఉంటుంది. సెలవు మీద వచ్చే ఎవరో ఒకరు బట్టలు, సబ్బులు, క్యాసెట్టు తెచ్చి ఇచ్చేవాళ్ళు. పెద్దమ్మ దాన్ని ఎప్పుడు పెట్టేదో తెలుసా? రాత్రి పిల్లలు కంచాల ముందు కూర్చున్నాక. "నాన్న మాట్లాడతాడు, తినండి" అనేది. ఆయన కూడా అది తెలిసే మాట్లాడేవాడు. మధ్యలో "బాబూ, పెరుగు వేసుకున్నావా" అని అడిగేవాడు. మా అన్నయ్య టేప్ రికార్డర్ వైపు చూసి, వేసుకున్నానని చెప్పేవాడు.

1983లో పెద్దక్క పెళ్ళి. ఆయన పని చేసే ఇంటివాళ్ళు సెలవు ఇవ్వలేదు. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంది. ఊరందరి పెళ్ళిళ్ళకీ వండిన మనిషి సొంత కూతురి పెళ్ళికి రాలేకపోయాడు. ఒక క్యాసెట్టు పంపాడు, రెండు వైపులా నిండా. మొత్తం పెళ్ళి వంటే. ఎన్ని కుంచాల బియ్యం, పనసపొట్టు కూరకి ఆవ ఎప్పుడు పెట్టాలి, పులిహోరకి అన్నం ఎంతసేపు ఆరాలి, గుమ్మడికాయ దప్పళంలో బెల్లం ఎంత, ఎన్ని ఆకుల తర్వాత రెండో గుండిగ దింపాలి. వంటవాళ్ళు గాడిపొయ్యి పక్కన టేప్ రికార్డర్ పెట్టుకుని వింటూ వండారు. నాకప్పుడు ఏడెనిమిదేళ్ళు, ఆ చుట్టూ మూగిన పిల్లల్లో నేనూ ఉన్నా. రెండో వైపు చివర్లో అక్కని పిలిచి, "అమ్మా, నువ్వు ఆకు ముందు కూర్చున్నప్పుడు నెయ్యి నేనే వడ్డించాననుకో" అన్నాడు. ఆ క్యాసెట్టు అక్క దగ్గర ఇప్పటికీ ఉంది, కానీ తిరగదు.

ఇక్కడ పెద్దమ్మ గురించి చెప్పకపోతే అన్యాయం. కువైట్ డబ్బుతో ఎకరంన్నర కొన్నారు. డబ్బు ఆయనది, సేద్యం మాత్రం పెద్దమ్మది. నారు పోయించడం, ఊడ్పులకి మనుషుల్ని పిలవడం, వంతు నీళ్ళకి రాత్రిపూట లాంతరు పట్టుకుని కాలవ మీదికి వెళ్ళడం, కోతలు, నూర్పిళ్ళు, కమీషను వ్యాపారితో బేరం, అన్నీ ఆవిడే. పట్టాదారు పాస్ పుస్తకంలో ఆయన పేరుంది. ఆయనే అనేవాడు, "నేను కొన్నాను, ఆవిడ పండించింది. మా ఇంట్లో రైతు మీ పెద్దమ్మే" అని.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్లోకి వచ్చింది. పని చేసే ఇంటివాళ్ళు దేశం విడిచి వెళ్ళిపోయారు. పన్నెండేళ్ళ సంపాదనలో ఇంటికి పంపనిది ఏదుందో అది అక్కడే పోయింది. మూడు వారాలు బయటికి రావడానికి లేదు. తర్వాత బస్సుల్లో బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌కి. దాదాపు పదిహేను వందల కిలోమీటర్లు. సరిహద్దు దగ్గర ఎడారిలో గుడారాలు. పగలు నిప్పులు, రాత్రి చలి. వేలమంది, అన్ని దేశాలవాళ్ళు. లారీల్లో రొట్టెలు, బియ్యం, పప్పు వచ్చేవి, వండేవాళ్ళు లేరు. పెదనాన్న అక్కడ ఇసకలో గాడి తవ్వాడు. గోడ నిలవదు కదా, అందుకని రాళ్ళు, రేకు డబ్బాలు పేర్చి నిలబెట్టాడట. తెలుగువాళ్ళు, మలయాళీలు, పంజాబీలు అందరికీ ఒకటే వంట, పప్పు, అన్నం. "నా జన్మలో అంత చప్పటి పప్పు వండలేదు, అంత ఇష్టంగా తిన్నవాళ్ళనీ చూడలేదు" అనేవాడు.

అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా విమానాల్లో బొంబాయి తెచ్చారు. ఆ రెండు నెలల్లో లక్షా డెబ్భై వేలమందికి పైగా మనవాళ్ళని అలా తీసుకొచ్చారు. ఆయన బొంబాయిలో రైలెక్కి, రాజమండ్రిలో దిగి, ఊరికి వచ్చేసరికి చేతిలో ఉన్నది ఒక సంచీ. అందులో రెండు జతల బట్టలు, ఒక గరిట, గుప్పెడు లూమీ కాయలు.

అప్పటికి యాభై నాలుగేళ్ళు. మళ్ళీ మొదటి నుంచి మొదలు. చుట్టుపక్కల పెళ్ళిళ్ళకి వండడం మొదలుపెట్టాడు. కొడుకు చదువు, చిన్నక్క పెళ్ళి ఆ గరిట మీదే జరిగాయి. ఈసారి పెళ్ళికి ఆయన ఉన్నాడు. నెయ్యి ఆయనే వడ్డించాడు.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను మనవాళ్ళు ఎవరూ మర్చిపోరు. లక్షల కొబ్బరిచెట్లు పడిపోయాయి. కోతకొచ్చిన చేను నీళ్ళలో పడుకుంది. ఊళ్ళో సగం ఇళ్ళకి కప్పు లేదు. పొద్దున్నే పెదనాన్న బడి దగ్గరికి వెళ్ళి, "ఎవరింట్లో తడిసిన బియ్యం ఉన్నా పట్రండి, తడిసినవి ముందు వండేయాలి, రేపటికి పనికిరావు" అన్నాడు. కట్టెలన్నీ తడే. బడి అటక మీద ఉన్న పాత బల్లలు విరగ్గొట్టి పొయ్యి రాజేశారు. పడిపోయిన చెట్ల కాయలు కొట్టి కొబ్బరి పచ్చడి, కొబ్బరి అన్నం, కొబ్బరి వేసిన పప్పు. బయటి నుంచి లారీలు వచ్చేదాకా నాలుగు రోజులు ఊరంతా అక్కడే తిన్నది. ఎవరు ఏ కులం, ఎవరు ఏ పార్టీ అని ఆ నాలుగు రోజులూ ఎవరూ అడగలేదు. గాడి తవ్వడం నేను నేర్చుకున్నది అప్పుడే. నాతో తవ్వించి, గాలి వైపు చూపించి, "జోర్డాన్లో ఇసక జారిపోయేది. మన మట్టి మంచిది, మాట వింటుంది" అన్నాడు.

కొన్నేళ్ళకి కువైట్ నుంచి పారిపోయి వచ్చినవాళ్ళకి ఐక్యరాజ్యసమితి తరఫున నష్టపరిహారం వచ్చింది. ఇరాక్ నూనె అమ్మిన డబ్బులోంచి ఇచ్చారు. ఈయనకి 2,500 డాలర్లు వచ్చింది. అందరూ ఇల్లు కట్టమన్నారు, స్లాబు వేయమన్నారు. ఆయన మా పొలం పక్కనే అర ఎకరం కొన్నాడు. కొని పెద్దమ్మకి చెప్పాడు, "ఇందులో అమ్మేది వేయకు. మనం తినేది వెయ్యి."

అసలు సంగతి ఇక్కడుంది. మనం ఏం చేస్తున్నాం? సార్వాకి స్వర్ణ, దాళ్వాకి బొండాలో 1010 ఓ వేస్తాం. బొండాలు కేరళ పోతాయి. మిగతావి మిల్లుకి, కొనుగోలు కేంద్రానికి పోతాయి. మనం మాత్రం కొట్టుకెళ్ళి సన్నబియ్యం బస్తా కొనుక్కుంటాం. పెదనాన్నకి ఇది అర్థమయ్యేది కాదు. "వంటవాడు తను వండింది తినకుండా పక్క హోటల్‌కి వెళ్తే ఆ వంట ఎవరైనా తింటారా?" అని అడిగేవాడు. అందరూ మొత్తం మానేసి సన్నాలు వేయమని ఆయన అనలేదు. ఊరు తిరిగిన మనిషి, లాభనష్టాలు తెలుసు. సాంబమసూరికి అగ్గి తెగులు ఎక్కువ, దిగుబడి తక్కువ. కానీ ఇంటి మందం అయినా వేసుకోండి, అప్పుడు మీ గింజ ఎలా ఉందో మీకు తెలుస్తుంది అనేవాడు.

గింజ గురించి ఆయన చెప్పినవి కొన్ని రాస్తా, పనికొస్తాయి.

ధాన్యం ఆరబెట్టేటప్పుడు తొందరపడొద్దు అనేవాడు. మిషను కోత వచ్చాక పచ్చి ధాన్యం వస్తోంది. మనం దాన్ని మండుటెండలో పల్చగా పరిచి ఒక్క రోజులో ఆరిపోవాలంటాం. పైకి ఏమీ కనపడదు, గింజ లోపల సన్నటి పగుళ్ళు వస్తాయి. మిల్లులో నూకలవుతుంది. నూక కాకుండా మిగిలిన పగుళ్ళ గింజ గుండిగలో విరిగి ముద్దవుతుంది. "మీరు కళ్ళంలో చేసిన తొందర నాకు గంజిలో తెలుస్తుంది" అనేవాడు. మధ్య మధ్య తిరగేస్తూ, మిట్టమధ్యాహ్నం కుప్ప చేసి, రెండు మూడు రోజులు నిదానంగా ఆరబెట్టమనేవాడు.

కొత్త బియ్యం, పాత బియ్యం తేడా ఆయన పంటితో చెప్పేవాడు. ఒక గింజ కొరికి, "ఇది రెండు నెలలది, ఎసరు తగ్గించాలి" అనేవాడు. ఆర్నెల్లు నిలవ ఉన్న బియ్యం నీళ్ళు ఎక్కువ తాగుతుంది, ఒదుగుతుంది, అన్నం విడివిడిగా వస్తుంది. పెళ్ళికి బియ్యం ఎవరైనా కొత్తవి తెస్తే వెనక్కి పంపేవాడు. పంపలేనప్పుడు ఇంకా గట్టి పలుకు ఉండగానే గంజి వార్చి, చాపల మీద రాశి పోసి ఆవిరి పోనిచ్చేవాడు.

కూరగాయలు తెచ్చిన రైతుని మొదట అడిగే మాట ధర కాదు. "మందు కొట్టి ఎన్నాళ్ళైంది?" ఒకసారి ఒకతను నిగనిగలాడే వంకాయలు రెండు బస్తాలు తెచ్చాడు. పెదనాన్న ఒక కాయ విరిచి వాసన చూసి, "నిన్న కొట్టావు కదా" అన్నాడు. అతను ఏమీ మాట్లాడలేదు. "అయిదొందల మంది పిల్లాపాపలతో తింటారు బాబూ. నీ కాయలు బాగున్నాయి, ఈ కోత వదిలేసి, గడువు దాటాక వచ్చే కోత తీసుకురా, రూపాయి ఎక్కువిస్తా" అన్నాడు. ఆ రోజు గుత్తివంకాయ లేదు, కంద బచ్చలి పెట్టాడు. ఆ రైతు తర్వాత పదేళ్ళు ఆయనకే కాయలు వేశాడు.

నిమ్మకాయ ధర పడిపోయిన ఏడాది మా చుట్టాలకి లూమీ చేయడం చూపించాడు. చిన్న కాయల్ని ఉప్పునీళ్ళలో ఉడికించి, నల్లబడి గలగలలాడేదాకా ఎండబెట్టాలి. ఆ కాయ ఒకటి చితక్కొట్టి పప్పుచారులో వేస్తే ఆ రుచి వేరు. అమ్ముకోడానికి సంత దొరకలేదు కానీ మా ఇళ్ళల్లో ఇప్పటికీ చేసుకుంటున్నాం.

అన్నింటికంటే నాకు గుర్తుండేది పారబోసే అన్నం లెక్క. పెళ్ళిళ్ళకి బఫే వచ్చాక సగం ప్లేట్లు తొట్టిలోకే. ఒక పెళ్ళిలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని లెక్క చెప్పాడు. వెయ్యి మందికి నూట ఇరవై కిలోల బియ్యం. అయిదో వంతు పారేస్తే ఇరవై నాలుగు కిలోలు. ధాన్యం లెక్కన ముప్పై ఆరు కిలోలు. ఎకరానికి ముప్పై బస్తాలు పండితే సెంటుకి ఇరవై రెండున్నర కిలోలు. "అంటే ఒకటిన్నర సెంటు చేను ఇందాక ఆ తొట్టిలో వేశారు. అందులో ఊడ్చిన ఆడమనిషి నడుము కూడా ఉంది" అన్నాడు. అప్పటి నుంచి తొట్టి చూస్తే నాకు సెంట్లే కనపడతాయి.

2011లో మన కోనసీమ రైతులం పంట విరామం ప్రకటించాం, గుర్తుంది కదా. గిట్టుబాటు లేదు, కాలవలు బాగు చేయరు, కూలీలు దొరకరు. సార్వా మానేశాం. ఊళ్ళో కొందరు పెద్దవాళ్ళు తప్పన్నారు, భూమి బీడు పెట్టకూడదన్నారు. పెదనాన్న దగ్గరికి వెళితే ఆయన తప్పనలేదు. "వంటవాడికి కూలి గిట్టకపోతే పొయ్యి వెలిగించడు. అప్పుడు గానీ ఇంట్లోవాళ్ళకి వంటవాడున్నాడని తెలీదు" అన్నాడు. కానీ ఆయన అర ఎకరం మాత్రం ఊడ్పించాడు. అది అమ్మేది కాదు కాబట్టి విరామం దానికి వర్తించదు అన్నాడు.

2012లో పెద్దమ్మకి పక్షవాతం వచ్చింది, కుడివైపు పడిపోయింది. మాట నెమ్మదిగా తిరిగొచ్చింది కానీ నమలడం కష్టం. కోడలు చేస్తానంది, కూతుళ్ళు తీసుకెళ్తామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. బయటి వంటలన్నీ మానేశాడు. అప్పటికి ఆయనకి డెబ్భై ఆరేళ్ళు. ఒకరోజు పెద్దమ్మ అంది, "లోకమంతా తిరిగి అందరికీ వండి పెట్టారు, నాకెప్పుడు పెట్టారండీ." ఎత్తిపొడుపుగా కాదు, నవ్వుతూనే. ఆయన ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి ఏడేళ్ళు మూడు పూటలా ఆయనే వండి, ఆయనే తినిపించాడు. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం మెత్తగా ఉడికించిన అర ఎకరం బియ్యం, పెసరకట్టు, రాత్రి మజ్జిగన్నం. బీపీ అని ఉప్పు తగ్గించమన్నారు. ఉప్పు లేని లోటు తెలియకుండా నిమ్మ, జీలకర్ర, లూమీ వేసి ఏదో ఒకటి చేసేవాడు. వెయ్యి మందికి వండిన చెయ్యి సోలెడు బియ్యం కడుగుతుంటే నేను చూశాను. వెయ్యి మంది వంట అయినా, ఈ సోలెడు అయినా గింజ గింజా చూసుకునే కడిగేవాడు. పెద్దమ్మ 2019లో పోయింది. ఆ తర్వాత ఆయన తిండి బాగా తగ్గింది, కానీ తన అన్నం తనే వండుకున్నాడు, చివరి వారం వరకూ.

పెదనాన్న పెద్దకార్యం నాడు క్యాటరింగ్ పిలుద్దామని కొడుకు అన్నాడు. పెద్దక్క వద్దంది. అర ఎకరం బియ్యం పాతవే ఉన్నాయి. మా కుర్రాళ్ళు పెరట్లో గాడి తవ్వారు. మనవరాలు చెన్నైలో హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతోంది, మెనూ అంతా తనే చూసింది. మూడొందల మందికి ఎంతెంత కావాలో తాత నేర్పిన లెక్కే తను కంప్యూటర్లో వేసుకుంది. చివరికి మిగిలింది ఒక చిన్న బేసిన్ అన్నం. దాన్ని కూడా పొద్దున్న చద్దన్నంగా పంచేశాం.

అన్నయ్య ఉద్యోగం విశాఖలో. ఆ అర ఎకరం ఇప్పుడు నేను చేస్తున్నా. ఈ సార్వాకీ అందులో సాంబమసూరే. దిగుబడి తక్కువ వస్తుంది, తెలుసు. లెక్కల పుస్తకంలో అది నష్టమే కనపడుతుంది. కానీ మా మూడు కుటుంబాలు ఏడాదంతా తినేది ఎక్కడ పండిందో, ఏ మందు ఎప్పుడు పడిందో, ఎన్ని రోజులు ఆరిందో మాకు తెలుసు.

నారు పోసుకునే రోజులు వస్తున్నాయి. నాలుగెకరాలు చేసేవాళ్ళు పాతిక సెంట్లయినా మీ కంచంలోకి పండించుకోండి. అన్నం ఎలా ఉందో వండినవాళ్ళని అడగండి. మన ఇంట్లో ఆడవాళ్ళకి మన ధాన్యం గురించి మనకంటే ఎక్కువ తెలుసు, మనమే ఎప్పుడూ అడగలేదు.

మీ ఊళ్ళో కూడా ఇలాంటి వంట మేస్త్రి ఎవరైనా ఉంటే, ఆయన గింజ గురించో కూర గురించో చెప్పిన మాట గుర్తుంటే కింద రాయండి. ఇలాంటి సంగతులు ఏ పుస్తకంలోనూ దొరకవు, వాళ్ళు వెళ్ళిపోకముందే రాసుకోవాలి.

ఉంటాను. అందరికీ మంచి పంట పండాలి.